ఆయన మూడు, నా నాలుగు

ఎండాకాలం, 214వ రోజు

షెడ్డు పుస్తకంలో గుడ్ల లెక్క, మేత లెక్క, చచ్చిన కోళ్ళ లెక్క మాత్రమే రాయాలట. సొంత గొడవలు రాయొద్దని సహకార సంఘం వాళ్ళు చాలా మర్యాదగా కబురు పెట్టారు. అందుకని సొంత గొడవలకి వేరే ఈ లాగ్ తెరిచాను. గొడవ లేకపోతే నాకు రాత సాగదు.

ఇవాళ గాజు కప్పు మీద ఎర్రదుమ్ము తుడిచే యంత్రం మా షెడ్డు పైన ఇరుక్కుపోయి కూర్చుంది. లోపలి నుంచి కర్రతో గాజుని తడితే కదిలింది. ఆ చప్పుడుకి కోళ్ళన్నీ లేచాయి. అంగారకుడి మీద కోడి ఎగిరితే చూడాలి. బరువు తక్కువ కాబట్టి కప్పు దాకా పోతుంది, తర్వాత దిగాలా వద్దా అని ఆలోచించుకుంటూ నెమ్మదిగా దిగుతుంది. అన్నీ దిగేసరికి నా మెడ పట్టేసింది.

ఇక అసలు గొడవ. మా అద్దాలపాడులో ఎండాకాలం రాగానే గడియారాలన్నీ ఒక గంట ముందుకి తోస్తారు. సూర్యుడు అయిదింటికి లేస్తే ఆరయిందని చెప్పుకుంటాం. సాయంత్రం ఒక గంట వెలుగు మిగిలిందని సంబరపడతాం. ఇప్పుడు కొందరికి ఆ సంబరం గిట్టడం లేదు. ముందుకీ వద్దు, వెనక్కీ వద్దు, ఏడాది పొడుగునా అసలు సమయమే ఉండాలంటున్నారు. ఆ కొందరూ కలిసి 'అసలు సమయ సంఘం' అని పెట్టుకున్నారు. దానికి కార్యదర్శి ఎవరయ్యా అంటే, మా ఆయన.

మా ఆయన పేరు చక్రపాణి. మంచు గనిలో కోత యంత్రం నడుపుతారు. ఇద్దరికీ ఇది రెండో పెళ్ళి. ఈ ఎండాకాలం మొదటి వారంలోనే చేసుకున్నాం. భూమి లెక్కలో నలభై ఎనిమిదేళ్ళొచ్చాక కొత్త పెళ్ళికూతురివయ్యావని బుల్లెమ్మ పిన్ని ఏడిపిస్తూనే ఉంటుంది. ఆవిడది పక్క షెడ్డులో టమాటా మడులు చూసే పని. టమాటాలు వాటంతటవే పండుతాయి కాబట్టి ఆవిడకి నన్ను ఏడిపించడానికి కావలసినంత తీరిక.

216వ రోజు

మా సంసారం ఎలా నడుస్తుందో రాసిపెట్టుకోవాలి. ఆయనది సైరన్ పని. తెల్లవారుజామున నాలుగింటి సైరన్‌కి గనిలో ఉండాలి. మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరతారు. రాత్రి ఎనిమిదయ్యేసరికి గురక. నాది ఎండ పని. కోళ్ళకి సైరన్ వినబడుతుంది గానీ లక్ష్యం లేదు. పొద్దు పొడవగానే ఒక మేత. పొద్దు వాలడం మొదలవగానే ఇంకో మేత. చీకటి పడి చివరి కోడి గూడెక్కేదాకా కాపలా. పొద్దున పని అయ్యాక ఇంటికొచ్చి, సాయంత్రం మేతకి మళ్ళీ నాలుగింటికి బయల్దేరతాను. రాత్రి తొమ్మిదిన్నరకి తిరిగొచ్చేసరికి ఆయన నిద్రలో ఉంటారు. ఆయనకి వారానికో సెలవుంది. ఆ రోజు గని వాళ్ళందరూ కప్పు మీదికెక్కి యంత్రానికి అందని మూలల్లో దుమ్ము తుడవాలి. అప్పుడు నాకు కింద నుంచి ఆయన బూట్ల అడుగులు కనబడతాయి.

అంటే మేమిద్దరం మెలకువగా ఒకే ఇంట్లో ఉండేది రోజుకి ఒక్క గంట. మూడు నుంచి నాలుగు.

ఆ గంటలో మా ఆయన ఏం చేస్తున్నారు? ఉపన్యాసం రాస్తున్నారు. రాసి నాకు వినిపిస్తున్నారు. ఇవాళ నేను చిక్కుళ్ళు ఒలుస్తుంటే ఎదురుగా నిలబడి, చెయ్యెత్తి, "సూర్యుణ్ణి ఎవరూ మోసం చెయ్యలేరు! మన గడియారం తిరిగి అసలు సమయానికి వచ్చిన నాడు..." అని అందుకున్నారు.

అప్పుడు తట్టింది నాకు. గడియారం గంట వెనక్కి పోతుంది, కోళ్ళ పొద్దు పోదు. నా నాలుగు మూడవుతుంది. ఆయన మూడు మూడుగానే ఉంటుంది. ఆయన గుమ్మంలో అడుగు పెట్టే వేళకి నేను గుమ్మం దాటాలి.

చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. "ఎలా ఉంది?" అని అడిగారు. "బాగా రాశారండీ," అన్నాను.

చెప్పొచ్చు కదా అంటే, చెప్పను. సూర్యుడు ఏ వేళకి ఎక్కడుంటాడో సెకన్లతో సహా చెప్పగల మనిషి. పెళ్ళాం ఏ వేళకి ఎక్కడుంటుందో ఆయనకే తట్టాలి.

219వ రోజు

వంటశాలలో ఊరి సభ. ఈ విషయం మీద ఇది మూడో సభ. మొదటి రెండు సభల్లో ఎవరు ముందు మాట్లాడాలో తేలలేదు.

బడి పంతులమ్మ అసలు సమయం వైపు. పిల్లలు పొద్దున్నే నిద్రకళ్ళతో వచ్చి, మొదటి పాఠమంతా బల్ల మీద తల పెట్టుకుని వింటున్నారట. వాలీబాల్ కుర్రాళ్ళు ఎండాకాలం సమయం వైపు. సాయంత్రం ఆ గంట వెలుగు లేకపోతే బంతి కప్పుకి తగిలి ఎటు దిగుతోందో కనబడదట. బజ్జీల కొట్టు అప్పలకొండ లేచాడు.

"చీకటడ్డాక బజ్జీ తింటే అది మిరపకాయో అరటికాయో తెలవదండి. ఎలుగులో తినేదే బజ్జీ. అయినా నాకు తెలవక అడుగుతాను, అసలు సమయం, అసలు సమయం అంటన్నారు, ఇక్కడ అసలేదండి? ఈ గ్రహం మీద రోజు భూమి రోజు కంటే పొడుగు. దాన్నట్టుకొచ్చి ఇరవై నాలుగు గంటల్లో కుక్కాం. సాగదీసిన గంటలో అసలేంటి, నకిలీ ఏంటి?"

చప్పట్లు పడ్డాయి. నేనూ కొట్టబోయి, మా ఆయన చూస్తున్నారని చెయ్యి నెత్తి మీద పెట్టుకుని దువ్వుకున్నాను.

మా ఆయన లేచారు. ఒప్పుకోవాలి, ఆయన నిలబడితే బాగుంటారు. "అరటిపండు ఇటు నుంచి ఒలిచినా అటు నుంచి ఒలిచినా ఒకటే పండు అప్పలకొండా! గంట ముందుకి జరిపితే నీకు సాయంత్రం వెలుగు రాలేదు. పంతులమ్మ గారి పిల్లల పొద్దుటి నిద్ర లాక్కుని నీ బజ్జీల మీద పోస్తున్నాం. ఏడాదికి రెండుసార్లు ఊరు ఊరంతా తలనొప్పి తెచ్చుకోవడం దేనికి?" అన్నారు. ఈసారి చప్పట్లు ఎక్కువ. నేను మళ్ళీ తల దువ్వుకున్నాను.

అంతటితో ఊరుకున్నారా? తీర్మానంలో ఇంకో ముక్క చేర్పించారు. గడియారాన్ని మార్చొద్దని చెప్పి రేపు పని వేళల్ని మార్చుకుంటారేమో, ఆ దొడ్డిదారి కూడా మూసెయ్యాలట. గని, బడి, ఆస్పత్రి, వంటశాల, పొలం, వీటి సైరన్ వేళలు ఎవరూ ఎప్పటికీ కదపకూడదు. సభాపతి వీర్రాఘవులు గారు అక్షరం అక్షరం రాసుకున్నారు. నేను చూస్తూ కూర్చున్నాను. మా గంటకి ఉన్న ఒకే ఒక్క కిటికీని మా ఆయనే నాలుగు మేకులు కొట్టి బిగించారు.

221వ రోజు

ఇవాళ గారెలు వేశాను. మినుములు సంపాదించడానికి పది గుడ్లు బదులివ్వాల్సి వచ్చింది. సరిగ్గా మూడింటికి నూనె కాగేలా చూసుకుని, ఆయన బూట్లు విప్పుతుండగా మొదటి వాయి తీశాను. ఈ గంట లేకపోతే వేడి గారె ఎవరు పెడతారు అని ఆయన బుర్రకి తట్టాలని నా ఎత్తు.

ఆయన ఒక చేత్తో రాస్తూ ఒక చేత్తో తిన్నారు. మధ్యలో కలాన్ని అల్లప్పచ్చడిలో ముంచి, గారెతో రాయబోయారు. "చాలా బాగున్నాయి మందాకినీ," అన్నారు, రాత మీంచి తలెత్తకుండా. ఆ మెచ్చుకోలు నాకో, గారెలకో, ఆయన వాక్యానికో తెలియలేదు.

222వ రోజు

ఇవాళ రుచి చూపిద్దామని మూడింటికే తాళం వేసి షెడ్డుకి వెళ్ళిపోయాను. ఇల్లు ఖాళీగా ఉంటే ఎలా ఉంటుందో తెలుస్తుంది కదా. కోళ్ళు నన్ను చూసి, ఇదేంటి ఇప్పుడొచ్చిందని ముఖం తిప్పుకున్నాయి. గంటసేపు మేత బస్తా మీద కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాను.

223వ రోజు

"నిన్న కనబడలేదేం?" అని అడిగారు. గుండె ఎగిరింది. "కోళ్ళకి ఒంట్లో బాగోలేదు," అన్నాను. "అయ్యో," అన్నారు. ఆగి, "ఇల్లంతా నిశ్శబ్దంగా ఉందేమో, ఉపన్యాసం ముగింపు భలే కుదిరింది," అన్నారు.

చేతిలో గరిటె ఉంది. విసరలేదు. ఇక్కడ విసిరినా అది నెమ్మదిగానే పోతుంది, ఆయన తప్పుకుంటారు.

225వ రోజు

ఓటు ఎల్లుండి కాక ఆ పై రోజు. మా ఊళ్ళో మనిషికో ఓటు కాదు, ఇంటికో ఓటు. మొదట వచ్చిన వాళ్ళు పెట్టుకున్న పద్ధతి. వ్రతం చేసినప్పుడు భర్త దానమిస్తుంటే భార్య ఆయన చేతిని తాకుతుంది చూడండి, అలాగే. ఇంట్లో ఒకరు రాయి పట్టుకుని పెట్టెలో వేస్తారు. ఇంట్లో మిగిలిన పెద్దవాళ్ళంతా ఆ చేతిని తాకి ఉండాలి. ఒక్కరు తాకకపోయినా ఆ రాయి చెల్లదు. ఎర్ర రాయి ఎండాకాలం సమయానికి, నల్ల రాయి అసలు సమయానికి.

టమాటా షెడ్డులో బుల్లెమ్మ పిన్నికి సంగతంతా చెప్పేశాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే పొట్ట పగిలేలా ఉంది.

"ఓసి పిచ్చిదానా, ఆయనతో చెప్పెయ్యవే," అంది పిన్ని. "మగాళ్ళకి చెప్తేనే సగం తెలుస్తాది. చెప్పకపోతే ఏం తెలుస్తాదే?"

"నేను చెప్తే మానేస్తారు పిన్నీ. తనంతట తనకి అనిపించి మానెయ్యాలి."

"అయితే చెయ్యి తాకకు. చెల్లకుండా పోద్ది. పీడా పోద్ది."

ఆ మాట నచ్చింది. తాకను. తేల్చుకున్నాను.

228వ రోజు

ఊరంతా వంటశాల ముందు వరస కట్టింది. మా వంతు వచ్చేసరికి పెట్టె చుట్టూ జనం. కార్యదర్శి గారు రాయి వేస్తున్నారంటే చూడాలి కదా. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. నల్ల రాయి పట్టుకుని చెయ్యి చాపారు. చాపి, నా వైపు చూశారు.

నేను చేతులు కట్టుకుని ఉన్నాను.

ఒక క్షణం, రెండు క్షణాలు. వెనక అప్పలకొండ దగ్గాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నాళ్ళూ ఎదిరి పార్టీ వాళ్ళతో పోట్లాడి నిలబడ్డ మనిషిని, ఊరి ముందు సొంత పెళ్ళామే తాకలేదన్న మాట పడనివ్వడం నా వల్ల కాలేదు. నాకు ఆయనంటే ఇష్టం. అదే నా ఖర్మ.

తాకాను. తాకి, చెవి దగ్గరికి వంగి నెమ్మదిగా అన్నాను. "ఏవండీ, రేపట్నించి మీరొచ్చే వేళకి నేనుండను. మీ మూడింటికే నేను వెళ్ళాలి. తాళం చెవి చెప్పుల స్టాండులో పెడతాను."

ఆయన మొహం మారడం చూశాను. చెయ్యి వెనక్కి లాక్కోబోయారు. అప్పటికే రాయి జారింది. ఇక్కడ ఏదైనా నెమ్మదిగా పడుతుంది. ఆ రాయి పెట్టె అడుగుకి చేరేదాకా మేమిద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

రెండు రాళ్ళ తేడాతో అసలు సమయం గెలిచింది. మా రాయి ఎర్రదై ఉంటే సమానమయ్యేది. సమానమైతే పాత పద్ధతే కొనసాగేది. జనం మా ఆయన మెడలో బంతిపూల దండ వేశారు. ఆయన దండ వేసుకుని, ఎవరో పోయిన ఇంటికి వచ్చినవాడిలా నిలబడ్డారు.

229వ రోజు

గడియారాలు వెనక్కి జరిపారు. మూడింటికి తాళం వేస్తుంటే ఆయన సందు మలుపు తిరుగుతూ కనబడ్డారు. పరుగెత్తుతున్నారు. గనిలోంచి ఎలా పరుగెత్తి వచ్చారో, హెల్మెట్ కూడా తియ్యలేదు. "మందాకినీ, ఒక్క నిమిషం..." అన్నారు. అవతల కోళ్ళ అరుపులు వాడంతా వినబడుతున్నాయి. "తాళం చెవి స్టాండులో ఉంది," అని చెప్పి వచ్చేశాను.

ముందు సంతోషంగానే ఉంది, తగిన శాస్తి జరిగిందని. మేత వేస్తుంటే ఏడుపొచ్చింది. కోళ్ళు నా కాళ్ళ చుట్టూ తిరుగుతూ తింటున్నాయి, వాటికేం పట్టింది?

232వ రోజు

ఆయన వీర్రాఘవులు గారి దగ్గరికి వెళ్ళారట. గని వేళ ఒక్క గంట ముందుకి జరపమని. ఈ ముచ్చట పిన్ని మోసుకొచ్చింది. మోసుకొచ్చి, నవ్వు ఆపుకోలేక కూలబడింది.

"సభాపతి గారు ఏవన్నారో తెలుసా? 'చక్రపాణి గారూ, తమరు రాయించిన ముక్కేనండీ ఇది, ఎవరూ ఎప్పటికీ కదపకూడదని. ఆ ఎప్పటికీ అనే మాట నేను వద్దంటే తమరే పట్టుబట్టి పెట్టించారు' అన్నారంట. మీ ఆయన మొహం చూడాలంట, వాడిన టమాటా మొక్కంట."

నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే రెండు గుడ్లు పగలగొట్టుకున్నాను. వాటిని షెడ్డు పుస్తకంలో 'జారిపడినవి' అని రాశాను.

234వ రోజు

రాత్రి ఇంటికొచ్చేసరికి కుర్చీలో కూర్చునే నిద్రపోతున్నారు. నా కోసం మెలకువగా ఉండాలనుకున్నారన్నమాట. ముందు బల్ల మీద రెండు కంచాలు. నాలుగింటికి గనిలో ఉండాల్సిన మనిషి. లేపబుద్ధి కాలేదు. దుప్పటి కప్పి, నా కంచంలో అన్నం నేనే తిన్నాను. ఎదురుగా కూర్చున్న మనిషి గురక పెడుతుంటే ఒంటరిగా తిన్నట్టూ లేదు, కలిసి తిన్నట్టూ లేదు.

236వ రోజు

ఆయన సెలవు. గని వాళ్ళు కప్పు మీద దుమ్ము తుడుస్తున్నారు. మా షెడ్డు పైన ఒక జత బూట్లు మిగతావాళ్ళందరూ దిగిపోయాక కూడా అక్కడే తచ్చాడాయి. మోకాళ్ళ మీద వంగి ఏదో చేస్తున్నారు. నేను కర్రతో గాజుని తట్టాను. ఆయన ఉలిక్కిపడి, చెయ్యి ఊపి, ఏమీ లేదన్నట్టు తల తిప్పి చాలా శ్రద్ధగా దుమ్ము తుడిచారు. అప్పటికే తుడిచిన చోటే మళ్ళీ తుడిచారు.

237వ రోజు

పొద్దున షెడ్డుకి వెళ్ళేసరికి సూర్యుడు లేచాడు, కోళ్ళు లేవలేదు. రాత్రి చలికి వేసే తెరలు ఇంకా దించే ఉన్నాయి. ఆ తెరల్ని ఎత్తేది నేను కాదు. కప్పు మీద ఒక కన్ను ఉంటుంది, దాని మీద వెలుగు పడితే మోటారు తిరిగి తెరలు లేస్తాయి. లోపల చిమ్మచీకటి. కోళ్ళన్నీ మెడలు రెక్కల్లో దోపుకుని హాయిగా పడుకున్నాయి. మోటారు పాడైందేమోనని కంగారు పడి అటూ ఇటూ తిరిగాను.

సరిగ్గా గంట తర్వాత తెరలు వాటంతటవే లేచాయి. కోళ్ళు లేచి ఒళ్ళు విరుచుకుని, ఇప్పుడే తెల్లారినట్టు అరవడం మొదలుపెట్టాయి.

"ఏంటే, మీ కోళ్ళు ఇయ్యాల ఇంత పొద్దెక్కాక లేచాయి?" అని పిన్ని తలుపులోంచి తొంగి చూసింది.

"రాత్రి పేకాడినట్టున్నాయి పిన్నీ," అన్నాను.

ఆవిడ వెళ్ళాక తల పైకెత్తి చూశాను. కన్ను మీద మడతలు పెట్టిన గుడ్డ ముక్క, గని తీగతో బిగించి కట్టి ఉంది. నీలం గళ్ళు. ఆ లుంగీ నాకు తెలుసు, రోజూ నేనే ఆరేస్తాను. ఎన్ని మడతలు వేస్తే సరిగ్గా గంట ఆలస్యమవుతుందో ఆయన కాకపోతే ఎవరు లెక్క కట్టగలరు? సూర్యుణ్ణి ఎవరూ మోసం చెయ్యలేరని ఊరంతా తిరిగి అరిచిన మనిషి, సూర్యుడి కంటికి లుంగీ కట్టారు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? సాయంత్రం దీపాల మీట నా చేతిలోనే ఉంది. చీకటి పడ్డాక ఇంకో గంట వెలిగించి ఉంచితే కోళ్ళకి లెక్క సరిపోతుంది.

మూడింటికి తాళం తియ్యబోయి, తలుపు తీసే ఉండటం చూసి ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. నేను పొయ్యి దగ్గర టీ కాస్తున్నాను.

"ఇంకా వెళ్ళలేదా?" అన్నారు, ఎక్కడలేని ఆశ్చర్యం తెచ్చుకుని. ఆయనకి నటన రాదు.

"కోళ్ళకి ఇంకా రెండే అయిందండీ."

"అదేంటి, సూర్యుణ్ణి ఎవరూ..." అని మొదలుపెట్టి, ఆ వాక్యం ఎలా ముగుస్తుందో గుర్తొచ్చి ఆపేశారు. బూట్లు విప్పుతూ కింద చూస్తూ అన్నారు, "తీర్మానంలో గని ఉంది, బడి ఉంది, ఆస్పత్రి, వంటశాల, పొలం ఉన్నాయి. కోళ్ళు లేవు. నేనే రాశాను కదా. రాసేటప్పుడు తట్టలేదు."

"మీకు చాలా తట్టవు," అన్నాను.

ఆయన వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కున్నారు. "నువ్వు ముందే చెప్పి ఉంటే..."

"చెప్పి ఉంటే ఏం చేసేవారు?"

ఆలోచించారు. నిజాయితీగానే ఆలోచించారు. "ఈ ఉపన్యాసం పూర్తవనీ, తర్వాత చూద్దాం అనేవాడిని," అన్నారు.

నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆయన కంగారు పడి లేవబోతే, భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాను. టీ పోశాను. నాలుగయ్యేదాకా అలాగే కూర్చున్నాం. గనిలో మంచు ఎలా పగులుతుందో ఆయన చెప్పారు, ఎగరబోయి కప్పుకి గుద్దుకున్న పుంజు గురించి నేను చెప్పాను. ఆయన ఒక్క ముక్క కూడా రాసుకోలేదు.